వేటకుక్కల వంశపత్రములు

తెలంగాణమున తిరుమలగిరి యను పేరుగల మండలములు మూడు కలవు. ఒకటి సూర్యాపేట జిల్లాలోనిది; 2016లో జిల్లాల పునర్విభజన జరుగువరకు ఇది నల్లగొండ జిల్లాలో నుండెను. రెండవది నాగార్జునసాగరమునకు చేరువనున్నది. మొదటిదానితో పొరబడకుండుటకై దీనిని తిరుమలగిరి సాగర్ అని వ్రాయుచున్నారు. మూడవది సికింద్రాబాదు దండు ప్రాంతములోనిది. వెనుకటి ఆంగ్లేయ సైనికాధికారులు ఈ మూడవదానిని తమ నాలుకకు తిరిగినట్లు ‘ట్రిముల్‌ఘెర్రీ’ అని పలికి, తమ కాగితములలోనికి అట్లే ఎక్కించిరి.

కుక్కల వంశమునుగూర్చి ప్రసంగింపబూని ఊళ్ల పేర్లతో మొదలుపెట్టితిమేమని శ్రోతలు అనుకొనవచ్చును. కారణము కలదు. నల్లగొండవైపు తిరుమలగిరి చెంత ఒక పాత యింటి అటుకమీద, చెదలు తినగా మిగిలిన కాగితమొకటి దొరికినదనుకొందము. అందు ఆంగ్లమున ఒక కుక్క పేరు, అది పుట్టిన తేది, దాని తల్లిదండ్రుల పేర్లు, వాటి తల్లిదండ్రుల పేర్లు, ఇట్లు నాలుగు తరముల వరుస, అడుగున ‘ట్రిముల్‌ఘెర్రీ’ అను మాట ఉన్నవి. ఇంటివారు దానిని చూచి, తాతగారు పక్షుల వేటకు ఉంచుకొన్న కుక్క తమ ఊరనే పుట్టినదని సంతోషింతురు. కాగితము మాత్రము సికింద్రాబాదు దండులో ఒక దొరగారి బంగళా వెనుక పుట్టిన కుక్కను చెప్పుచుండవచ్చును. పేరొకటి, ఊళ్లు మూడు. కుక్కల వంశములను శోధించువారికి ఎదురగు చిక్కులలో మొదటిదియు, మిక్కిలి పెద్దదియు ఇదియే.

ఇట్టి కాగితమును ఆంగ్లేయులు ‘పెడిగ్రీ’ అందురు. ఈ మాట పాత ఫ్రెంచి భాషనుండి వచ్చినది. ‘కొంగ పాదము’ అని దాని యర్థము. వంశక్రమమును వ్రాయునపుడు ఒక పేరునుండి మూడు గీతలు చీలునట్లు గీచెడివారు. అది తడిమన్నుపై పడిన కొంగ అడుగువలె కానవచ్చెడిది. రేడియోలో బొమ్మ గీచి చూపుటకు వీలులేదు గనుక, శ్రోతలు తమ ఊరి చెరువుగట్టును తలచుకొని ఆ యడుగును మనస్సున గీచికొందురుగాక.

ఇక ఏ కుక్కలను గూర్చి చెప్పుచున్నామో చెప్పవలెను. తుపాకి వేటకై పెంచిన కుక్కలలో పాయింటరు, సెట్టరు అను జాతులు కలవు. ఇవి జంతువును తరిమి పట్టునవి కావు. గాలిని పసిగట్టుచు పొలమున అడ్డముగా అటునిటు పరుగిడును. గడ్డిలో దాగిన కౌజు వాసన ముక్కునకు సోకగనే నిలువున కొయ్యబారి పోవును. ముక్కు పక్షివైపు, తోక వెనుకకు సూటిగా, ముందరి కాలొకటి మడిచి గాలిలో! వేటకాడు వచ్చువరకు కదలదు, మొరగదు. మందు దట్టించి చెకుముకిరాతితో పేల్చు తుపాకుల నాడు ఇట్లు నిలుచుటకు ఎంత విలువ యుండెనో ఊహింపవచ్చును. సెట్టరు నిలువబడక నేలకు వంగును. తుపాకి రాకమునుపు పక్షులపై వల పరచుటకు ఈ వంగుట అనుకూలముగా నుండెడిది. మన దేశమున కౌజులను పట్టువారు కుక్కను ఆశ్రయింపక, మచ్చిక చేసిన కౌజును పంజరమున పెట్టి కూయించి, ఆ కూతకు వచ్చినవాటిని ఉచ్చులలో పట్టెడివారు. ఎవరి ఉపాయము వారిది.

ఈ కొయ్యబారుట నేర్పిన విద్య కాదు. రెండు మూడు నెలల పిల్ల సైతము, కర్రకొసను కట్టిన ఈకను చూచి గురి నిలుపును. నిలిచిన తరువాత తొందరపడి ముందుకు దూకకుండుట మాత్రమే నేర్పవలసినది. గుణము పుట్టుకతో వచ్చునదగుటచేతనే ఈ కుక్కల విషయమున వంశమునకు అంత ప్రాధాన్యము కలిగినది.

“తల్లిని చూచి పిల్లను, పాడిని చూచి బర్రెను” అని మనవారి సామెత. ఇందు రెండు పరీక్షలు ఇమిడి యున్నవి. ఒకటి పుట్టుకను చూచుట, రెండవది పనిని చూచుట. పందొమ్మిదవ శతాబ్దిలో ఆంగ్లేయులు వేటకుక్కల విషయమున ఈ రెండు పరీక్షలను వ్రాతలో పెట్టుటకు పూనుకొనిరి. ఆ చరిత్ర వినదగినది.

గుఱ్ఱముల విషయమున వారికి 1791నుండియే వంశగ్రంథ మున్నది. కుక్కలకు అట్టిది లేదు. పెద్ద జమీందారులు తమ కుక్కల పెంపకశాలలలో చిట్టాలు వ్రాయించుకొనెడివారు. ఒకరి చిట్టా మరియొకరు చూచుట యరుదు. 1859 జూన్ 28, 29 తేదీలలో న్యూకాజిల్ పట్టణమున కుక్కల ప్రదర్శన యొకటి జరిగెను. నేడు లోకమంతట జరుగుచున్న ప్రదర్శనములకు అదియే మొదటిదని లెక్కించుచున్నారు. అందు పాయింటర్లకు, సెట్టర్లకు మాత్రమే ప్రవేశము, బహుమతులు తుపాకులు. పాయింటర్లకు తీర్పరిగా కూర్చున్న పెద్దమనిషి కుక్క సెట్టర్లలో గెలిచెను. సెట్టర్లకు తీర్పరియైన పెద్దమనిషి కుక్క పాయింటర్లలో గెలిచెను. కుక్కలు నిజముగనే మంచివై యుండవచ్చును; మేము కాదనము.

అందము చూచి బహుమతి యిచ్చుట చాలదని తోచినవారు 1865 ఏప్రిల్ నెలలో బెడ్‌ఫర్డ్‌షైరులోని సౌత్‌హిల్ అను చోట పొలములలో కుక్కలను పరుగిడించి పని పరీక్ష జరిపిరి. అంతలో వేరొక చిక్కు బయలుపడెను. ఏ పట్టికను చూచినను డాన్, శాంకో, పాంటో, బెల్, జూనో అను పేర్లే. మన పల్లెలలో ఎల్లయ్యలు, మల్లయ్యలు ఉన్నట్లు వారి పెంపకశాలలలో ఈ పేర్లు నిండియుండెను. గుర్తునకై యజమాని పేరును ముందు చేర్చి, వైట్‌హౌస్ గారి హామ్లెట్, గార్త్ గారి డ్రేక్ అనెడివారు. కుక్కను అమ్మినచో యజమాని మారును, పేరు కూడ మారును. కావున ఒకే కుక్క రెండు పేర్లతోను, రెండు కుక్కలు ఒకే పేరుతోను కాగితములకు ఎక్కుచుండెను.

గార్త్ గారి డ్రేక్ అంటిమి గనుక ఒక మాట. సర్ రిచర్డ్ గార్త్ న్యాయవాది. 1875లో కలకత్తా ఉన్నత న్యాయస్థానమునకు ప్రధాన న్యాయమూర్తియై వచ్చి 1886 వరకు ఆ పదవిలో నుండెను. ఆయన పాయింటరు డ్రేక్ మహావేగము గలది. వాసన తగులగనే వేగమును ఆపుకొనజాలక నేలకు అతుక్కొని పడిపోయెడిది. సాధారణముగా వేటకుక్కకు విలువ తగ్గు ఏడవ యేట దానిని 150 గినీలకు కొనిరి. ఆ ధర ముసలి కుక్క కాళ్లకు కాదు. దానికి పుట్టబోవు పిల్లలకు. వంశమునకు విలువ కట్టుట యనగా ఇదియే.

1873లో లండనులో కెన్నెల్ క్లబ్బు ఏర్పడెను. మరుసటి యేడు వెలువడిన మొదటి వంశగ్రంథమున, 1859నుండి ప్రదర్శనములలోను పొలము పరీక్షలలోను పాల్గొన్న 4,027 కుక్కల వివరములు చేర్చబడెను. 1880లో ప్రతి కుక్క పేరును ముందుగా నమోదు చేయవలెనను నియమము వచ్చెను. ఒకరు వాడుకొన్న పేరు మరియొకరికి చెల్లదు. దీనికి ఆనాడు ఎదురుమాట తక్కువ కాదు. తమ కుక్కను తాము పిలుచుకొనుటకు క్లబ్బు అనుమతి యేలయని కొందరు కోపగించిరి. పెంపకశాల పేరును కుక్క పేరునకు ఇంటిపేరువలె చేర్చు అలవాటు దీనివెంబడి బలపడెను. జర్మనులు ఇంకను ముందుకు పోయి, వంశగ్రంథములోని సంఖ్యను పేరునకు తగిలించిరి. వారి పొట్టివెంట్రుకల పాయింటర్లకు మూలపురుషులుగా చెప్పుకొను రెండు కుక్కల పేర్లు నీరో 66, ట్రెఫ్ 1010. లోకమున నీరోలు ఎందరైన నుండవచ్చును; 66వ నీరో ఒకటే. అంతేకాక వారు వసంతమున ‘డెర్బీ’, శరత్తున ‘సోల్మ్స్’ అను పరీక్షలు పెట్టి, పనిలో నెగ్గినదో లేదో వంశముతోపాటు వ్రాయుచు వచ్చిరి. మన సామెతలోని రెండు సగములను ఒక కాగితముమీదికి తెచ్చినవారు జర్మనులే యని మా యభిప్రాయము.

ఇప్పుడు అటుకమీది కాగితమునకు వత్తము. దానిని నమ్ముటకుముందు ఏమేమి చూడవలెను?

మొదట తేదీలు చూడవలెను. కుక్కకు చూలు సుమారు 63 దినములు. ఆడకుక్క యేడాదికి రెండుసార్లు, కొన్ని యొక్కసారియే, ఎదకు వచ్చును. ఒకే తల్లికి మార్చిలో ఒక ఈత, మే నెలలో మరియొక ఈత అని వ్రాసియున్నచో, ఆ పేరుగల తల్లులు ఇద్దరుండవలెను. లేదా వ్రాసినవాడు కల్పించి యుండవలెను. తండ్రి చనిపోయిన తేది దొరికినచో దానితో కూడ సరిచూడవలెను. కుక్క ఓడలో బొంబాయికో మద్రాసుకో వచ్చినది ఎప్పుడు, దాని పిల్లలు సికింద్రాబాదులో పుట్టినవి ఎప్పుడు అని చూడవలెను. పటాలము బదిలీయైనపుడు దొరగారు కుక్కను మరియొక దొరగారికి అమ్మి పోయెడివారు. కాగితము తరచు పెట్టెలో పడి సీమకు పోయెడిది, కుక్క ఇక్కడ నిలిచెడిది. సీమనుండి తెచ్చిన కుక్కలు మన యెండలకు, పిడుదులవలన వచ్చు జ్వరమునకు, పిచ్చికుక్క కాటునకు తరచు బలియయ్యెడివి. కావున నాలుగు తరములు ఈ దేశముననే తెగకుండ నడిచినవని చెప్పు కాగితము కనబడినచో రెండుసార్లు చదువవలెను.

తరువాత రంగు చూడవలెను. పాయింటర్లలో నలుపు, కార్జపు రంగు, నారింజ వన్నె, నిమ్మపండు వన్నె గల మచ్చలు ప్రధానములు. వీటిలో కార్జపు రంగు నలుపునకు లొంగునది. నల్లని తల్లిదండ్రులకు కార్జపు రంగు పిల్ల పుట్టవచ్చును; ఆ గుణము రెండింటను దాగియుండి పిల్లలో కలిసినదన్నమాట. కాని తల్లిదండ్రులు రెండును కార్జపు రంగువైనచో నల్లని పిల్ల పుట్టదు. అట్లే తల్లిదండ్రులు రెండును నిమ్మ, నారింజ వన్నెలవైనచో నలుపుగాని కార్జపు రంగుగాని పుట్టదు. పుట్టినదని వ్రాసియున్నచో వ్రాసిన తండ్రి వేరు, నిజమైన తండ్రి వేరు. గోడదూకి వచ్చిన పొరుగింటి కుక్కను వంశగ్రంథములు గుర్తింపవు. పిల్లల రంగు గుర్తించును. ఒకే ఈతలోని పిల్లలకు ఇద్దరు తండ్రులుండుట కూడ కుక్కలలో సంభవమే.

వీటన్నిటికంటె ముఖ్యమైన ప్రశ్న మరియొకటి. ఈ పేర్లను ఎవరు, ఎప్పుడు వ్రాసిరి? పిల్లలు పుట్టిన వారమున చిట్టాలో వ్రాసినదా, ఇరువదియేండ్ల తరువాత కొనువానిని మెప్పించుటకు వ్రాసినదా? ఇందుకు ఎడ్వర్డ్ లావెరాక్ కథకు మించిన ఉదాహరణము లేదు.

లావెరాక్ చిన్ననాట చెప్పులు కుట్టు పని నేర్చుకొనుచుండెను. దూరపు బంధువు ఆస్తి కలిసివచ్చుటతో పని వదలి, జీవితమంతయు సెట్టర్ల పెంపకమునకును వేటకును అర్పించెను. 1825లో ఇంగ్లాండు ఉత్తరభాగమున కార్లైల్ చెంతనున్న హారిసన్ అను మతగురువువద్ద పాంటో, ఓల్డ్ మాల్ అను జంటను సంపాదించెను. ‘సెట్టరు’ అను పేర 1872లో ఒక గ్రంథము ప్రకటించెను. తన కుక్కలన్నియు ఆ యొక్క జంటనుండియే, వెలుపలి రక్తము కలియకుండ, దాదాపు ఏబదియేండ్లు వచ్చినవని ఆయన వాదము. ఆయన అచ్చు వేయించిన వంశవృక్షములలో ఏ కొమ్మను పట్టుకొని వెనుకకు పోయినను తుదకు పాంటో యొద్దనో, మాల్ యొద్దనో ఆగవలసినదే.

ఇది సాధ్యమా యని ఆనాడే అనుమానించిరి. అన్న చెల్లెండ్ర సంతతిని, తండ్రి కూతుండ్ర సంతతిని అన్ని తరములు కలుపుచు పోయినచో పిల్లలు తగ్గును, బలము తగ్గును; అంత చక్కని కుక్కలు ఎట్లు నిలిచినవి? ఈలోగా ఆయన కుక్కలలో ‘ప్రైడ్ ఆఫ్ ది బోర్డర్’ అనునది కార్జపు రంగు మచ్చలతో నుండెను. రంగు ఒక్కటియే సాక్ష్యము కాజాలదు. దాగిన గుణము తరములు గడచి బయటపడవచ్చునని ఇంతకుముందే చెప్పితిమి. కాని లావెరాక్ స్వయముగా ఒక లేఖలో, ఆ రంగునకు కారణము ముప్పదియేండ్లనాడు తాను ఒకసారి కలిపిన ఎడ్మండ్ కాజిల్ సంతతి రక్తమని వ్రాసెను. గ్రంథమున లేనిది లేఖలో ఉన్నది. 1877లో ఆయన చనిపోవునాటికి తగవు తీరలేదు, తరువాతను తీరలేదు.

ఆయనను మోసగాడని కొట్టివేయుట సులభము. మేము అంత దూరము పోజాలము. ఆయన కుక్కలు మంచివి. అందు సందేహము లేదు. ఆయన కుక్కలను వేరు సంతతితో కలిపి పర్సెల్ లెవెలిన్ అను ఆయన ఒక పరంపరను తీసెను. ఆ పేరుతో నేటికిని అమెరికాలో ఒక వంశగ్రంథము ఆ సెట్టర్లను వేరుగా నమోదు చేయుచున్నది. లోపము కుక్కలలో లేదు, వ్రాతలో నున్నది. ఏబదియేండ్ల సంగతులను ముసలితనమున జ్ఞాపకమునుండి వ్రాసినపుడు, చెప్పదలచినది నిలుచును, చెప్పనొల్లనిది జారిపోవును. మన పల్లెలలో వంశములను గానము చేయు వంశరాజులు, వెనుకటి పేరున పిచ్చకుంట్లవారు, దాతల గోత్రములను తరతరముల పేర్లతో పాడుదురు. ఆ పాటలో పరాక్రమవంతులు నిలిచినంత గట్టిగా అప్పులపాలైనవారు నిలువరు. లావెరాక్ తన కుక్కలకు తానే వంశరాజు.

పాయింటరు చరిత్రను ఇందుకు భిన్నముగా వ్రాసినవాడు విలియం ఆర్క్‌రైట్. సట్టన్ స్కార్స్‌డేల్ అను చోట నల్లని పాయింటర్లను పెంచిన ఈయన, పాయింటరు ఎక్కడనుండి వచ్చినదో తేల్చుటకు స్పెయిను, ఫ్రాన్సు, ఇటలీ దేశముల పాత వ్రాతలను, చిత్రపటములను గాలించి 1902లో తన పెద్ద గ్రంథమును ప్రకటించెను. చిత్రకారుడు కుక్క ఎవరిదో వ్రాయకపోవచ్చును గాని, దాని తోక ఎట్లున్నదో చూచినట్లు వేయును. తెలియుటకు ఆధారము, నమ్ముటకు ఆధారము వేరువేరని ఎరిగినవాడు ఆర్క్‌రైట్.

ఇదంతయు వినోదమునకు మాత్రమే పనికివచ్చునా? కాదు. వంశపత్రము తప్పైనచో నష్టపోవునది పిల్లను కొన్న కుటుంబము, అంతకుమించి ఆ పిల్ల. నాలుగు తరముల కాగితమున 30 పేర్లుండవలెను. ఐదు తరములైనచో 62. తండ్రివైపు పేరొకటి తల్లివైపునను మరల కనబడినచో అది రక్తసంబంధము. మేనరికములు ఎరిగిన మనకు ఇది విడమరచి చెప్పనక్కర లేదు. 1922లో సీవల్ రైట్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు ఈ దగ్గరితనమును కొలుచు లెక్క నేర్పెను. తండ్రి కూతుండ్ర కలయికలోను, తోడబుట్టినవాటి కలయికలోను అది నూటికి 25. మేనమామ మేనకోడండ్ర వరుసలో 12.5, బావ మరదండ్ర వరుసలో 6.25. అయితే ఈ లెక్క కాగితముమీది పేర్లను నమ్మి చేయునది. కాగితము అబద్ధమైనచో లెక్కయు అబద్ధమే.

దగ్గరి కలయిక మంచి గుణమును స్థిరపరచును. చెడుగుణమును కూడ అంతే శ్రద్ధతో స్థిరపరచును. జర్మనుల పొట్టివెంట్రుకల పాయింటర్లలో ఒక వ్యాధి కలదు. రేచీకటికి విపరీతముగా, ఈ వ్యాధిగల కుక్క మసక వెలుతురులో చూడగలదు గాని పట్టపగటి యెండలో దారి కానదు. తల్లిదండ్రులు రెండును చూచుటకు ఆరోగ్యముగనే యుండును. రెండింటను దోషము దాగియున్నచో పుట్టు పిల్లలలో సగటున నాలుగింట ఒకటి గ్రుడ్డిదగును. అమెరికాలోని ఆర్కన్సా విశ్వవిద్యాలయమున పాయింటర్లలో రెండు పరంపరలను ఏండ్లతరబడి పెంచి చూచిరి. ఒక పరంపర నెమ్మదిగలది. రెండవదానిలోని కుక్కలు మనిషి చేరువకు రాగానే వణకుచు కొయ్యబారిపోయెడివి. పాయింటరునకు కీర్తి తెచ్చిన కొయ్యబారుటకును దీనికిని పైకి తేడా కొంచెమే. ఒకటి పక్షికై, మరియొకటి భయముచేత. కుక్కపిల్లను కొనబోవువారు కాగితమును చేతికి పుచ్చుకొనుటకుముందు తల్లి కుక్క కొత్తవారియెదుట ఎట్లు మెలగునో చూచుట మేలని మేము చెప్పునది ఇందుకే.

నేడు ఈ సందేహములను తీర్చు ఉపాయములు పెరిగినవి. నెత్తుటిబొట్టుతోనో, చెక్కిలిలోపలి తడితోనో తల్లిదండ్రులను నిర్ణయించు పరీక్షలున్నవి. చెన్నైలో కార్యాలయముగల కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా, కుక్క చర్మము క్రింద బియ్యపుగింజంత పరికరమును చొప్పించి, అందలి సంఖ్యతో నమోదు చేయుచున్నది. నీరో 66 అనినప్పటి తెలివియే చర్మము క్రిందికి చేరినది. అయినను మన దేశమున పాయింటరు వంశపత్రమునకు ఒక సగము లేదు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చెను. 1991 సవరణముతో వినోదమునకై వేటాడుట సంపూర్ణముగా నిషిద్ధమైనది. నిషేధము సరియైనదే, నల్లగొండ, పాలమూరు ఆముదపు చేలలో కౌజుల కూత ఇంకను వినబడుటకు అదియు ఒక కారణమై యుండును. కాని పొలమున పనిచేసి చూపని పాయింటరు పుట్టుకనుబట్టియే పాయింటరు. పాడిని చూడక బర్రెను కొనుటవంటిదే ఇది. బ్రిటనులో తుపాకి లేకుండ, గ్రౌస్ అను పక్షులను లెక్కించుటకు పాయింటర్లను, సెట్టర్లను తిప్పుచున్నారు. కుక్క నిలిచినచోట పక్షి లేచును. మనిషి లెక్క వ్రాసికొనును. పరీక్షయు జరుగును, పక్షియు బ్రదుకును. అనుమతులతో అట్టిది మన దేశమునను ఆలోచింపదగినది.

సామెతలోని రెండవ సగము మాత్రమే గల కుక్కలు మనకు దాపుననే ఉన్నవి. దేవరకొండ, సాగర్ ప్రాంతములలో లంబాడా తండాలు హెచ్చు. ఉప్పును, ధాన్యమును ఎద్దులమీద వేసికొని దక్కనునంతట తిరిగిన బిడారుల వెంట కుక్కలు నడిచెడివి. ‘కారవాన్ హౌండ్’ అని కెన్నెల్ క్లబ్బు నమోదు చేయు జాగిలమునకు ఆ పేరు ఈ బిడారులనుండియే వచ్చినదని చెప్పుదురు. ఇది పాయింటరు వలె ముక్కుతో కాక కంటితో వేటాడు జాతి. సన్నని నడుము, పొడుగు కాళ్లు, లోతైన రొమ్ము. తరములకొలది పనిచేతనే ఎన్నికయై వచ్చినది. దీనికి వ్రాత లేదు. ఏ తండాలో ఏ కుక్క ఏ కుక్కకు పుట్టినదో పెద్దవారి నోట మాత్రమే నిలిచినది.

ఇదే జాగిలమును ముధోల్ జాగిలమని కూడ అందురు. ఇక్కడను పేరు చిక్కు తప్పలేదు. మన నిర్మల్ జిల్లాలో ఒక ముధోల్ ఉన్నది. జాగిలమునకు పేరిచ్చినది అది కాదు, కర్ణాటకములోని బాగల్‌కోట జిల్లా ముధోల్. ఆ సంస్థానాధీశుడు మాలోజీరావు ఘోర్పడే వీటిని పోషించి, ఐదవ జార్జి చక్రవర్తికి ఒక జతను కానుకగా ఇచ్చినట్లు ప్రసిద్ధి. 2005లో తపాలాశాఖ వెలువరించిన నాలుగు కుక్కల బిళ్లలలో ముధోల్ జాగిలమొకటి. ముధోల్ చెంత తిమ్మాపురమున వీటికై పరిశోధన కేంద్రమున్నది. కర్నాలులోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ దీనిని, తమిళనాటి రాజపాళయం, చిప్పిపారై కుక్కలను జాతులుగా నమోదు చేసినది. ఇంతయు ఒక రాజు శ్రద్ధ వహించిన ఊరికి దక్కెను. అట్టి రాజులేని తండాలలోని కుక్కలు మాత్రము ఊరకుక్కలతోను, పట్టణమునుండి వచ్చిన అల్సేషియనులతోను కలిసి తమ రూపు కోల్పోవుచున్నవి. వీటికి వేట లేదిప్పుడు, ఉండనక్కర లేదు. మేకల మందకు కాపలా ఉన్నది, రాత్రి చేని కాపలా ఉన్నది. అదియు పనియే, అందును పరీక్షింపవచ్చును.

దీనికి పెద్ద సంస్థ అక్కర లేదు. బడి చదువుచున్న పిల్లవాడు, రెండు రూళ్ల నోటుపుస్తకము చాలును. ఈత జరిగిన వారములోనే వ్రాయవలెను: తేది, తండా, ఊరు, మండలము, జిల్లా, తల్లి పేరు, రంగు, వయస్సు, తండ్రి పేరు, జత కట్టుట చూచినవారి పేరు, పుట్టిన పిల్లలెన్ని, ఆడవెన్ని, మగవెన్ని, ఒక్కొక్కదాని రంగు, మచ్చల తావు. ప్రతి పిల్లకు ఒక సంఖ్య ఇచ్చి, మరల ఆ సంఖ్యను ఎన్నడును మరియొకదానికి వాడరాదు. ఏ పిల్ల ఎవరికి చేరినదో, ఏ తండాకు పోయినదో వ్రాయవలెను. ఆరు నెలలకొకసారి చూచి, మందవెంట నిలుచుచున్నదా, పసిపిల్లలతో ఎట్లున్నది, చూపు వినికిడి సరిగా నున్నవా అని రెండు ముక్కలు చేర్చవలెను. చచ్చిన పిల్లలను, అవిటివిగా పుట్టినవాటిని విడువక లెక్కలో చేర్చవలెను. లావెరాక్ పుస్తకమున లేనివి అవియే. తండ్రి ఎవరో నిశ్చయముగా తెలియనిచో ఆ గడిలో ‘తెలియదు’ అని వ్రాయవలెను. తరువాత ఎవరైన వచ్చి ఒక పేరు చెప్పినను, మొదటి మాటను కొట్టివేయక, చెప్పినవారి పేరుతో ప్రక్కన వ్రాసికొనవలెను.